మా తమ్ముడి పెళ్లి శుభలేఖలు ఇంట్లోనే చేసుకున్నాం, 14 రూపాయల్లో కార్డు ఎలా అయిందంటే

మా తమ్ముడి పెళ్లి కుదిరిన వారానికే నాన్నా నేనూ తెనాలిలో ఒక కార్డుల షాపుకి వెళ్ళాం. ఆల్బమ్ తిరగేసి తిరగేసి ఒక మధ్యరకం కార్డు నచ్చితే రేటు అడిగాం, ఒక్కోటి 35 రూపాయలు, 400 కార్డులకి 14,000 అన్నారు. మూడు మడతలు, పైన బంగారు రంగు వినాయకుడు, లోపల రెండు విడి కాగితాలు, బాగానే ఉంది, కాదనను. నాన్న అడ్వాన్స్ తీస్తుంటే నేనే రేపొస్తాం అని చెప్పి బయటికి తీసుకొచ్చేశాను. ఎందుకంటే ఆ ముందు రోజే అమ్మ ట్రంకు పెట్టె సర్దుతూ తాతయ్య వాళ్ళ పెళ్లి శుభలేఖ బయటికి తీసింది. పసుపు కాగితం, ఎర్ర అక్షరాలు, ఒకటే పేజీ, మడత కూడా లేదు. అన్నేళ్ళ తర్వాత చదువుతున్నా మనల్నే పిలుస్తున్నట్టు ఉంది. అలాంటిది మనమే చేస్కోలేమా అనిపించింది, చేసేశాం. 200 కార్డులకి కవర్లతో సహా 2,800 దాకా అయింది. ఎలా చేశామో, ఎక్కడ తప్పులు పడ్డాయో మొత్తం రాస్తున్నా, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్ళకి పనికొస్తుంది.

ముందు కంప్యూటర్ తెరవకండి, ఒక నోట్‌బుక్ తీయండి. అసలు ఖర్చు తగ్గేది అక్కడే, కాగితం దగ్గర కాదు. మనుషుల్ని కాదు, ఇళ్ళని లెక్కపెట్టాలి. మేం మూడు రకాలుగా రాసుకున్నాం, ఇంటికెళ్ళి బొట్టుపెట్టి పిలవాల్సినవాళ్ళు, దూరంగా ఉండి పోస్టులో పంపాల్సినవాళ్ళు, ఫోన్ చేసి నోటితో పిలిచి ఆ తర్వాత వాట్సాప్‌లో కార్డు పంపితే ఏమీ అనుకోనివాళ్ళు. నాన్న ఆఫీసులో 40 మంది ఉంటే 40 కార్డులు అనుకున్నారు మొదట్లో, చివరికి నోటీసు బోర్డుకి ఒకటి, బాగా దగ్గరివాళ్ళకి ఆరు సరిపోయాయి. అట్లా 400 కాస్తా 180 అయింది. దానికి ఇంకో 20 కలుపుకోండి, ఎందుకంటే ఎవరో ఒకళ్ళు గుర్తురావడం ఖాయం, కొన్ని పాడవడమూ ఖాయం. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను, మేనత్తలు మేనమామలు లాంటి వాళ్ళని వాట్సాప్ లిస్టులో వేయకండి, 14 రూపాయలు మిగిల్చుకుని ఒక బంధుత్వం పోగొట్టుకున్నట్టు ఉంటుంది.

తర్వాత మేటర్. దీనికి మేం నాలుగు రోజులు తీసుకున్నాం, అంత టైమ్ తీసుకోవాల్సిన పనే ఇది. షాపులో అయితే పాత కార్డు మేటర్‌లోనే పేర్లు మార్చి ఇచ్చేస్తారు, అందుకే అందరి కార్డులూ ఒకేలా ఉంటాయి, అందులో తప్పులు కూడా ఒకేలా ఉంటాయి. పైన శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు, కింద ఇంటిదేవుడి పేరు, ఇవి ఉంచాం. చాలా కార్డుల మీద జానక్యాః కమలామలాంజలిపుటే అని ఒక శ్లోకం వేస్తారు కదా, దాని అర్థం ఎవరూ పట్టించుకోరు కానీ ఎంత బాగుంటుందో. తలంబ్రాల ముత్యాలు సీతమ్మ దోసిట్లో ఉన్నప్పుడు ఎర్రగా కెంపుల్లా, రాముడి తల మీద పడ్డప్పుడు తెల్లగా మల్లెల్లా, ఆయన నల్లని ఒంటి మీంచి జారేటప్పుడు నీలాల్లా కనిపించాయట. మేం శ్లోకం నాలుగు పాదాలూ వేయకుండా మొదటి పాదం వేసి కింద చిన్న అక్షరాల్లో ఈ అర్థం రాశాం, పెళ్లికొచ్చినవాళ్ళల్లో ఎంతమంది దాని గురించే మాట్లాడారో.

అసలు పిలుపు మాత్రం మామూలు మాటల్లోనే రాసుకున్నాం. ఆశీర్వదించ ప్రార్థన, మదర్పిత చందన తాంబూలాది సత్కారములు స్వీకరించి, ఇవన్నీ గంభీరంగా ఉంటాయి నిజమే, కానీ మా ఇంట్లో ఎవరూ అట్లా మాట్లాడరు. మాది ఇట్లా ఉంది, కావాలంటే మీరూ వాడుకోండి:

మా చిన్నబ్బాయి చి. (వరుడి పూర్తి పేరు)కి, ఫలానా ఊరి శ్రీమతి, శ్రీ ఫలానా గార్ల పెద్దమ్మాయి చి.ల.సౌ. (వధువు పూర్తి పేరు)తో పెళ్లి.
గురువారం రాత్రి 2 గంటల 18 నిమిషాలకు (తెల్లవారితే శుక్రవారం) ముహూర్తం.
మీరు ఇంటిల్లిపాదీ వచ్చి, మా ఇంటి భోజనం చేసి, పిల్లలిద్దరినీ నిండుగా దీవించి వెళ్ళండి.
విందు గురువారం రాత్రి 7 గంటల నుంచి.
వేదిక ఫలానా కల్యాణ మండపం, ఫలానా ఊరు.
మీకోసం ఎదురుచూస్తూ (అమ్మా నాన్నల పేర్లు)

పెద్దవాళ్ళ కోసం స్వస్తిశ్రీ చాంద్రమాన అని మొదలయ్యే పంచాంగం లైను ఒక్కటి పాత పద్ధతిలోనే ఉంచాం, పురోహితుడు గారు రాసిచ్చిన చీటీ చూసి ఒక్కో అక్షరం సరిచూసుకున్నాం. ఇక్కడ రెండు చోట్ల చాలామంది పొరబడతారు. ఒకటి సంవత్సరం పేరు. 2025 ఉగాది నుంచి విశ్వావసు, 2026 మార్చి 19 ఉగాది నుంచి పరాభవ, అంటే ఫిబ్రవరి పెళ్లికీ ఏప్రిల్ పెళ్లికీ ఇంగ్లీషు సంవత్సరం ఒకటే అయినా తెలుగు సంవత్సరం వేరు. ఎవరిదో కార్డు చూసి దించేస్తే ఇక్కడే దొరికిపోతారు. రెండోది అర్ధరాత్రి దాటిన ముహూర్తాలు. మనకి వారం సూర్యోదయంతో మారుతుంది, కేలండర్లో తేదీ రాత్రి 12కి మారుతుంది. గురువారం రాత్రి 2 గంటల ముహూర్తం అంటే ఇంగ్లీషు లెక్కలో శుక్రవారం తేదీ. కార్డు మీద శుక్రవారం 2 గంటలకు అని వేస్తే సగం మంది శుక్రవారం మధ్యాహ్నం అనుకుంటారు. మా పెదనాన్న గారమ్మాయి పెళ్లికి ఇట్లాగే అయింది, మా మేనత్త వాళ్ళు విశాఖపట్నం నుంచి బయల్దేరి వచ్చేసరికి అప్పగింతలు కూడా అయిపోయాయి, ఆవిడ ఏడ్చింది పాపం. అందుకే గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం అని రెండూ వేయండి, పక్కనే తేదీ వేయండి, విందు ఏ రోజు ఏ టైమ్‌కో విడిగా ఇంకో లైనులో వేయండి. చాలామందికి కావాల్సింది ఆ లైనే.

పేర్ల సంగతి ఇంకా ముఖ్యం. ముద్దుపేర్లు, సగం పేర్లు వేయకండి. పెళ్లయ్యాక సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మ్యారేజ్ రిజిస్ట్రేషన్‌కి వెళ్తే పెళ్లి కార్డు కూడా అడుగుతారు, వీసాకి వెళ్ళేవాళ్ళకీ పనికొస్తుంది. కాబట్టి కార్డు మీద ఎక్కడో ఒక చోట వధూవరుల పేర్లు ఇంటిపేరుతో సహా ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో ఇంగ్లీషులో ఉండాలి, తేదీ, ఊరు కూడా. మేం వెనక వైపు నాలుగు లైన్లు ఇంగ్లీషు వేశాం, దానికోసమే.

ఇంక టైపింగ్. తెలుగు ఫాంట్లు బోలెడు ఫ్రీగా ఉన్నాయి, డబ్బులు పెట్టి కొనక్కర్లేదు. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ వాళ్ళు విడుదల చేసిన యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లో అయినా తెలుగుగానే చదివే పద్ధతి) ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో కూడా దొరుకుతాయి, రామభద్ర, మల్లన్న, మండలి, ఎన్టీఆర్, గిడుగు, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, రవిప్రకాష్ ఇలా కవుల పేర్లతో, పెద్దల పేర్లతో ఉంటాయి. పేర్లకి రామభద్ర లాంటి లావు అక్షరం, మిగతా మేటర్‌కి మండలి బాగుంటుంది, చదవడానికి హాయిగా ఉంటుంది. రెండు ఫాంట్లు చాలు, మూడోది పెట్టొద్దు, నోటీసులా అయిపోతుంది. పెద్దవాళ్ళు చదవాలి కాబట్టి మేటర్ 13 పాయింట్లకి తగ్గించకండి, ముహూర్తం, వేదిక ఇంకాస్త పెద్దగా.

నేను వర్డ్ లాంటి లిబ్రె ఆఫీస్ రైటర్‌లో చేశాను, ఫ్రీ, ఒత్తులు చక్కగా వస్తాయి. గూగుల్ డాక్స్‌లో కూడా చేసుకోవచ్చు, ఫాంట్ల లిస్టులో మరిన్ని ఫాంట్లు అని నొక్కి భాష తెలుగు పెట్టుకుంటే ఇవే కనిపిస్తాయి. ఫొటోషాప్ పాత వెర్షన్లు వాడేవాళ్ళు మాత్రం జాగ్రత్త, సెట్టింగ్స్‌లో టైప్ అనే చోట వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోకపోతే ఒత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడతాయి, లక్ష్మి కాస్తా చదవరాకుండా పోతుంది. ఇంకోటి, ఊళ్ళల్లో డీటీపీ షాపుల్లో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలోనే పనిచేస్తారు, అవి యూనికోడ్ కాదు, మీ వర్డ్ ఫైల్ అక్కడ తెరిస్తే అక్షరాలు అన్నీ చెదిరిపోయి కనిపిస్తాయి, లేదంటే వాళ్ళు మళ్ళీ టైప్ చేసి కొత్త తప్పులు పెడతారు. మీరే పీడీఎఫ్ చేసి పట్టుకెళ్ళండి, అందులో ఫాంట్లు లోపలే ఉంటాయి కాబట్టి ఏ కంప్యూటర్‌లో అయినా ఒకేలా వస్తుంది.

సైజు విషయంలో మా లెక్క చెప్తాను, డబ్బు మిగిలింది దీనివల్లే. ఏ4 కాగితం 297 × 210 మిల్లీమీటర్లు. దాన్ని అడ్డంగా పెట్టి మూడు నిలువు ముక్కలు చేస్తే ఒక్కోటి 99 × 210 వస్తుంది, సన్నగా పొడుగ్గా చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది, పాత కాలం శుభలేఖలాగే. ఒక్క పేపరు ముక్క కూడా వృథా పోదు. పైగా బజార్లో డీఎల్ సైజు అని దొరికే పొడుగు కవరు 110 × 220, అందులో ఇది సరిగ్గా దూరుతుంది. మీకిష్టమొచ్చిన సైజులో కార్డు చేసుకుంటే తర్వాత కవరు దొరక్క దాన్ని విడిగా చేయించుకోవాలి, అక్కడే డబ్బంతా పోతుంది. కవరు చూసుకుని కార్డు చేయండి, కార్డు చేసి కవరు వెతకొద్దు.

రైటర్‌లో పేజీని అడ్డంగా పెట్టి, మార్జిన్లు సున్నా చేసి, ఒక వరుస మూడు గళ్ళ టేబుల్ పెట్టి, గడి వెడల్పు 9.9 సెంటీమీటర్లు ఇచ్చాను, ఎత్తు మాత్రం 20.5 పెట్టండి, పూర్తి 21 పెడితే ఖాళీ పేజీ ఒకటి అదనంగా వస్తుంది. ప్రతి గడిలో రెండు పక్కలా ఒక సెంటీమీటరు వదిలేయండి. టేబుల్ గీతలు తీసేయండి. చుట్టూ బోర్డర్ వేయాలనిపిస్తుంది, నాకూ అనిపించింది, మొదటి శాంపిల్‌లో వేశాను కూడా, కానీ కటింగ్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగినా ఒక వైపు బోర్డర్ లావుగా ఇంకో వైపు సన్నగా కనిపిస్తుంది, రెండు వైపులా ప్రింటు అయితే వెనకది ఎప్పుడూ కాస్త జరుగుతుంది. బోర్డర్ లేకపోతే ఎవరికీ తెలియదు. బ్యాక్‌గ్రౌండ్ రంగు నింపడం కూడా వద్దు, ఇంకు ఖర్చు, అంచుల్లో తెల్ల గీత, రంగు కాగితమే కొనుక్కుంటే సరిపోతుంది.

కాగితం జీఎస్‌ఎం లెక్కలో అమ్ముతారు, అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో అది. జిరాక్స్ కాగితం 70, 80 ఉంటుంది, శుభలేఖకి అది పల్చన, చేతిలో వేలాడిపోతుంది. మడత లేని కార్డుకి 250 సరిగ్గా సరిపోతుంది. అంతకన్నా మందం అయితే చాలా ప్రింటర్లలో ఇరుక్కుంటుంది, ఇంట్లో ప్రింటర్ అయితే ముందు అది ఎంత మందం తీసుకుంటుందో చూసుకోండి. మేం లేత పసుపు రంగు కార్డు 70 షీట్లు కొన్నాం, షీటు 6 రూపాయలు, మొత్తం 420. హ్యాండ్‌మేడ్ కాగితం చాలా బాగుంటుంది కానీ గరుకుగా ఉంటుంది కదా, లేజర్ ప్రింటు ఆ గుంటల్లో పట్టదు, గోరుతో గీకితే రాలిపోతుంది, దాని మీద స్క్రీన్ ప్రింటింగే (జాలీ లాంటి తెర మీంచి రంగు లాగి వేసే పద్ధతి) చేయించుకోవాలి.

ప్రింటు ఇంట్లోనా షాపులోనా అంటే, నేనైతే షాపులో లేజర్ అంటాను. ఇంట్లో ఇంక్‌జెట్‌లో కూడా బాగా వస్తుంది కానీ ఆ రంగు తడి తగిలితే కారిపోతుంది, మనం శుభలేఖకి పసుపు రాయకుండా ఉండం కదా. నేను ఇంట్లో తీసిన శాంపిల్ మూలకి పసుపు రాయగానే పక్కనున్న అక్షరాలు ఎర్రగా పాకాయి. లేజర్‌లో వాడేది పొడి రంగు, టోనర్ అంటారు, అది కారదు. కలర్ లేజర్ ఒక వైపుకి మాకు 12 రూపాయలు పడింది, రెండు వైపులా 24, 70 షీట్లకి 1,680, మా ఖర్చులో పెద్ద ముక్క ఇదే. వెనక వైపు వద్దనుకుంటే అక్కడే 840 తగ్గుతుంది, అప్పుడు మొత్తం 2,000 లోపే అయిపోతుంది, ఇంగ్లీషు పేర్లు, వేదికకి దారి చూపే క్యూఆర్ కోడ్ ముందు వైపే కింద సర్దుకోవచ్చు. నల్ల అక్షరాలు చౌక కదా అని నాన్న అన్నారు, అమ్మ ఒప్పుకోలేదు, శుభానికి నలుపేంటని. నేనూ అమ్మ వైపే. ముదురు ఎరుపు, మెరూన్ పసుపు కాగితం మీద ఎంత కళగా ఉంటుందో చూస్తే గాని తెలీదు.

300, 400 కార్డులు కావాల్సినవాళ్ళు, ఒకటే రంగు అయితే, స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ళని కనుక్కోండి. స్క్రీన్ చేసే ఖర్చు ఒక్కసారే, తర్వాత ఎన్ని వేసినా పెద్ద తేడా ఉండదు కాబట్టి ఎక్కువ కార్డులకి అదే చౌక. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు పాతబస్తీ ఛత్తా బజార్ ఒకసారి తిరగండి, పెళ్లి కార్డుల ప్రింటింగ్‌కి పేరున్న చోటు అది, ఉర్దూలో వేయించుకునేవాళ్ళకి అందమైన చేతిరాత కూడా అక్కడ దొరుకుతుంది.

ప్రింటు ఇచ్చేటప్పుడు అసలు సైజు, 100 శాతం అని చెప్పండి. పేజీకి సరిపడా అని ఉండే ఆప్షన్ పెడితే మొత్తం కాస్త చిన్నదై మూడు ముక్కలూ సమానంగా రావు. ముందు ఒక్క షీటే తీయించి ఇంటికి తెచ్చుకోండి, అక్కడే నిలబడి ఓకే చెప్పేయకండి. మా మొదటి షీటు ఇంట్లో ఐదుగురం చదివాం, ఎవరికీ తప్పు కనపడలేదు, పక్కింటి రిటైర్డ్ తెలుగు మాస్టారుగారికి ఇస్తే రెండు నిమిషాల్లో మూడు పట్టుకున్నారు. ముహూర్తంలో హూ దీర్ఘం పోయి ముహుర్తం అయిపోతుంది, ఆశీస్సులు ఆశిస్సులు అవుతాయి, మధ్యాహ్నంలో ధ ఒత్తు పోతే మద్యాహ్నం అవుతుంది, మద్యం గుర్తొస్తుంది, శుభలేఖ మీద ఎంత తప్పు. పేర్లూ తేదీలూ వియ్యాలవారికి కూడా ఫొటో తీసి పంపి, చూశాం సరే అని వాళ్ళ నోటితో అనిపించుకున్నాకే మిగతా షీట్లు వేయించండి.

వేదికకి దారి కోసం క్యూఆర్ వేశాం. గూగుల్ మ్యాప్స్‌లో కల్యాణ మండపం తెరిచి లింకు కాపీ చేసుకుని క్రోమ్ బ్రౌజర్‌లో తెరిస్తే షేర్ దగ్గరే క్యూఆర్ తయారుచేసే ఆప్షన్ ఉంటుంది, ఫ్రీ. కొన్ని సైట్లలో చేస్తే కొన్నాళ్ళకి డబ్బులు కట్టమని ఆపేస్తాయి, సరిగ్గా పెళ్లి రోజు పనిచేయకపోతే ఏం చేస్తాం. రెండు సెంటీమీటర్లకి తక్కువ కాకుండా వేసి, స్క్రీన్ మీద కాదు, ప్రింటు తీసిన కార్డు మీదే ఇద్దరు ముగ్గురి ఫోన్లతో చూడండి. కింద మాటల్లో కూడా ఫలానా గుడి ఎదురుగా, ఫలానా బస్టాప్ దగ్గర అని రాయండి, క్యూఆర్ వాడనివాళ్ళే ఎక్కువ మంది వస్తారు.

కటింగ్ ఇంట్లో చేయకండి. కత్తెరతో 70 షీట్లు వంకర టింకర అవుతాయి. ప్రింటింగ్ ప్రెస్సుల్లో కటింగ్ మెషిన్ ఉంటుంది, కట్ట మొత్తం ఒకేసారి కోసేస్తారు, మా దగ్గర 60 రూపాయలు తీసుకున్నారు. మడత ఉన్న కార్డు కావాలంటే ఒక చిట్కా, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్, స్టీలు స్కేలు పెట్టి మడత దగ్గర గట్టిగా ఒక గీత గీసి అప్పుడు మడవండి, చక్కగా కూర్చుంటుంది, ఆ గీత మీద మాత్రం ప్రింటు ఏమీ ఉండకూడదు, టోనర్ పగిలి తెల్లగా బయటపడుతుంది.

ఇప్పుడు ఇష్టమైన పని, అలంకారం. బంగారు ఫాయిల్ లేకుండా ఎట్లా అని పెళ్లికూతురు వాళ్ళ వైపు నుంచి అడిగారు. మేం బెండకాయ వాడాం. స్కూల్లో చేసేవాళ్ళం కదా, బెండకాయ అడ్డంగా కోస్తే పువ్వు. కాస్త ముదురు కాయ తీసుకోండి, లేతది నొక్కితే నలిగిపోతుంది. కోసిన వైపు పాత గుడ్డ మీద ఒత్తి పది నిమిషాలు ఆరనివ్వాలి, లేకపోతే జిగురుకి రంగు జారిపోయి ముద్దలా పడుతుంది, నాకు మొదటి పది కార్డులు అట్లాగే పోయాయి. పోస్టర్ కలర్ బంగారు రంగుది ఒక స్పాంజి ముక్క మీద పల్చగా వేసి, బెండకాయని దాని మీద అద్ది కార్డు మీద నెమ్మదిగా నొక్కాలి. కార్డు పైన మధ్యలో ఒక పువ్వు, కింద మూడు. ఎనిమిది పది ముద్రలకి అంచు మెత్తబడుతుంది, అప్పుడు పల్చగా ఒక చక్రం కోసి పడేస్తే మళ్ళీ కొత్త పువ్వు. మా పిన్ని కూతుళ్ళు ఇద్దరూ ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని మొత్తం 200 చేసేశారు, ఏ రెండూ ఒకేలా లేవు, అదే బాగుంది. ఖర్చు రంగు డబ్బా అన్నీ కలిపి 150. పెడన వైపు ఉన్నవాళ్ళకి కలంకారీ అచ్చుల చెక్కలు తెలిసినవాళ్ళ దగ్గర దొరికితే ఒక చిన్న మామిడి పిందె అచ్చు అడిగి తెచ్చుకోండి, ఇదే పద్ధతిలో రంగు అద్ది నొక్కితే ఫాయిల్ ఎందుకూ పనికిరాదు దాని ముందు.

కవరు మీద పేర్లు చేత్తో రాయండి. స్టిక్కర్లు ప్రింటు చేసి అంటించొద్దు, నా కోసం రాశారు అన్నది అక్కడే తెలుస్తుంది. అమ్మ చేతిరాత గుండ్రంగా ఉంటుంది, మెరూన్ పెన్ను కొనిచ్చి రోజుకి పాతిక చొప్పున రాయించాం. శ్రీమతి, శ్రీ ఫలానా గారికి అని, పిల్లలు పెద్దవాళ్ళయితే కుటుంబం అని కూడా. కవర్లు 200 కొన్నాం, రెండున్నర చొప్పున 500. కవర్లు ఇంట్లో చేద్దామని ఒక సాయంత్రం కూర్చున్నాం కూడా, జిగురుకి కాగితం ముడతలు పడటం, టైమ్ పోవడం తప్ప మిగిలిందేమీ లేదు, కొనేసుకోండి. షాపులో వెనక అక్షింతలు పెట్టే పొట్లం ఉన్న కవర్లు చూపిస్తారు, మీరే చిన్న కాగితం పొట్లం కట్టి పెట్టుకోవచ్చు, కాకపోతే అక్షింతలకి నెయ్యి కలపకండి, కార్డంతా నూనె మరక అవుతుంది, పసుపు నీళ్ళతో కలిపి నీడలో పూర్తిగా ఆరబెట్టండి. అవి చేత్తో ఇచ్చే కార్డులకే, పోస్టులో వెళ్ళేవాటికి వద్దు.

పోస్టు బరువు లెక్క కూడా చెప్పేస్తాను. ఏ4 అంటే చదరపు మీటరులో పదహారో వంతు, 250 జీఎస్‌ఎం షీటు 15.6 గ్రాములు, మూడో వంతు కార్డు 5.2 గ్రాములు, కవరుతో కలిపి సుమారు 11. మామూలు ఉత్తరం మొదటి మెట్టు 20 గ్రాములు కాబట్టి తక్కువ స్టాంపులోనే వెళ్ళిపోతుంది. షాపు కార్డు లోపలి విడి కాగితాలతో కలిపి ఈజీగా 50 గ్రాములు దాటుతుంది, అక్కడ కూడా మిగిలినట్టే. ఒకటి పోస్టాఫీసులో తూయించుకుని అప్పుడు స్టాంపులన్నీ కొనండి. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, తప్పకుండా చేరాలి అనుకున్నవి స్పీడ్ పోస్టులో వేయండి. మేం పోస్టువి పెళ్లికి నెల ముందే వేసేశాం, చేత్తో ఇచ్చేవి మూడు వారాల ముందు మొదలుపెట్టాం.

పసుపు రాయడం అన్నిటికన్నా చివర. చిన్న గిన్నెలో రెండు చెంచాల పసుపు, నీళ్ళు చుక్క చుక్క పోసి చిక్కగా కలపండి, జారుగా ఉంటే కాగితం ఉబ్బుతుంది. పది కార్డులు మెట్లు మెట్లుగా పరిచి మూలలు మాత్రం కనపడేలా పెట్టి వేలితో ఒక్కసారి అలా లాగితే పదింటికీ అంటుకుంటుంది, కార్డు తిప్పి నాలుగు మూలలా అంతే. పైన కుంకుమ బొట్టు. ఫ్యాన్ కింద ఆరబెట్టండి, ఎండలో వద్దు, ఎండకి పసుపు రంగు వెలిసిపోతుంది. పూర్తిగా ఆరాక మధ్యలో న్యూస్‌పేపరు ముక్కలు పెట్టి పేర్చండి, తడి మీద పేరిస్తే ఒకదానికొకటి అంటుకుని విడదీసేటప్పుడు చిరుగుతాయి. పెళ్లివాళ్ళు ముస్లింలో, క్రైస్తవులో అయితే ఈ పసుపు భాగం అక్కర్లేకపోవచ్చు, సైజు, కాగితం, ప్రింటు లెక్క మాత్రం వాళ్ళకీ ఇదే.

వాట్సాప్‌ది విడిగా డిజైన్ చేయనక్కర్లేదు. తయారైన కార్డుని కిటికీ దగ్గర వెలుతురులో ఒక ఇత్తడి పళ్ళెంలో పెట్టి, పక్కన రెండు తమలపాకులు, వక్కలు పెట్టి ఫొటో తీసి పంపాం. దాంతో పాటు మ్యాప్ లింకు. అందరికీ ఒకేసారి ఫార్వర్డ్ చేయకుండా పేరు పెట్టి ఒక లైను రాసి పంపండి, బాబాయ్ మీరూ పిన్నీ ముందు రోజే వచ్చేయండి అని.

మొదటి కార్డు ఇంట్లో దేవుడి దగ్గర పెట్టాం, రెండోది తిరుపతి పంపాం. శ్రీవారి పేరున టీటీడీ కార్యనిర్వహణాధికారి, పరిపాలనా భవనం, కె.టి. రోడ్, తిరుపతి అని రాసి మీ అడ్రసు స్పష్టంగా వేసి పంపితే స్వామివారి ఆశీస్సులుగా కుంకుమ, అక్షింతలు పంపిస్తారు. కాస్త ముందుగా పంపండి, ఆ అక్షింతలు పెళ్లినాటికి చేతికి అందుతాయి.

నోట్‌బుక్‌లో ఇచ్చిన ప్రతి ఇంటి పక్కనా టిక్కు పెట్టుకుంటూ వెళ్ళండి, ఎవరు ఇచ్చారో కూడా రాయండి, లేకపోతే ఒకే ఇంటికి అమ్మా ఇచ్చి నాన్నా ఇచ్చి ఇంకో ఇల్లు మర్చిపోతారు. చివర్లో ఒక పది కార్డులు ఎవరడిగినా ఇవ్వకుండా పక్కన పెట్టేయండి, నాలుగు వధూవరులకి, రిజిస్ట్రేషన్‌కీ వీసాకీ, రెండేసి రెండు ఇళ్ళకి, మిగతావి ఆల్బమ్‌లో. మాకు మిగిలిన తొమ్మిదింట్లో ఒకటి అమ్మ తీసుకెళ్ళి తాతయ్య వాళ్ళ కార్డుతో కలిపి అదే ట్రంకు పెట్టెలో పెట్టింది.